సాంక్రీ వెళ్తున్నారా? బ్యాగు సర్దడం దగ్గర్నుంచి కొండ దిగి ఇల్లు చేరేదాకా అన్నీ వరసగా

చలికాలం వచ్చిందంటే నాకు ఒకే రకం మెసేజీలు వస్తాయి. "అన్నా, కేదార్‌కంఠ వెళ్తున్నాం, సాంక్రీకి ఎలా చేరాలి, ఏం కొనాలి, ఎన్ని రోజులు సెలవు పెట్టాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నాను. నేను ఈ ఊరికి మూడుసార్లు వెళ్ళాను, రెండుసార్లు మంచులో, ఒకసారి మే నెలలో. ఆ మూడుసార్లూ నన్ను ఇబ్బంది పెట్టింది కొండ కాదు, నేను వేసుకున్న రోజుల లెక్క. అందుకే ఇందులో రోజుల గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఓపిగ్గా చదవండి.

సాంక్రీ ఉత్తరాఖండ్‌లో, ఉత్తరకాశీ జిల్లా మోరీ ప్రాంతంలో ఉన్న చిన్న ఊరు. దాదాపు 1,950 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఉన్నది ఒకటే బజారు వీధి, దానికి అటూ ఇటూ హోమ్‌స్టేలు, సామాను అద్దెకిచ్చే దుకాణాలు. కేదార్‌కంఠ, హర్ కీ దూన్ నడకలు రెండూ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

1. ముందు నెల తేల్చుకోండి, తర్వాతే కొండ

చాలామంది "కేదార్‌కంఠ" అని ముందే నిర్ణయించేసుకుని తర్వాత సెలవులు చూస్తారు. తిరగేసి చేయండి. మీకు సెలవు దొరికే నెలను బట్టి దారి ఎంచుకోండి.

డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా: కేదార్‌కంఠ. శిఖరం ఎత్తు సుమారు 3,810 మీటర్లు. మంచులో నడవాలన్న కోరిక ఉంటే ఇదే సమయం. జనవరి రాత్రుల్లో పై క్యాంపులో ఉష్ణోగ్రత సున్నాకి బాగా కిందికి దిగిపోతుంది, దానికి సిద్ధపడే వెళ్ళండి.

ఏప్రిల్: మంచు అక్కడక్కడా మిగిలి ఉంటుంది, చలి కొంచెం తగ్గుతుంది. చిన్న పిల్లలతో, అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళకు నేను ఈ నెలే చెప్తాను.

మే, జూన్ మొదటి వారాలు: హర్ కీ దూన్. ఇది శిఖరం కాదు, లోయ. సుమారు 3,500 మీటర్ల ఎత్తు వరకు వెళ్తారు, కానీ నది పక్కనే ఊళ్ళ మీదుగా మెల్లగా ఎక్కుతారు. రోజులు ఎక్కువ పడతాయి, నిట్టనిలువుగా ఎక్కే చోట్లు తక్కువ.

జూలై, ఆగస్టు: వద్దు. వానలకు కొండచరియలు విరిగి రోడ్డు మూసుకుపోతుంది, అడవిలో జలగలు. టికెట్లు చవగ్గా దొరికాయని మాత్రం వెళ్ళకండి.

సెప్టెంబరు చివరి నుంచి నవంబరు: ఆకాశం శుభ్రంగా ఉంటుంది, మంచు కొండలు దూరం నుంచి కూడా స్పష్టంగా కనిపిస్తాయి. నన్ను అడిగితే మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఇదే మంచి కాలం. కానీ ఎవరూ వినరు, అందరికీ మంచే కావాలి.

ఇంకొక్క మాట. క్రిస్మస్ నుంచి జనవరి మొదటి వారం దాకా సాంక్రీలో కాలు పెట్టే సందు ఉండదు. కొండ మీద చీకట్లో వరసలు కట్టి ఎక్కుతారు, ముందువాళ్ళు ఆగితే వెనకవాళ్ళు చలిలో నిలబడిపోవాలి. వారం పది రోజులు ముందుకో తర్వాతకో జరుపుకోగలిగితే జరుపుకోండి.

2. రోజుల లెక్క: ఇక్కడే అందరూ తప్పు చేస్తారు

ట్రెక్ కంపెనీల పేజీల్లో "నాలుగు రోజులు" అనో "ఐదు రోజులు" అనో ఉంటుంది. హైదరాబాదులో ఉన్నవాళ్ళు దాన్ని చూసి వారం సెలవు చాలు అనుకుంటారు. చాలదు. మొదటిసారి నేను అదే చేశాను. దిగిన మర్నాడే విమానం పెట్టుకున్నాను. మోరీకి ఇవతల మంచు పడి రోడ్డు ఆగిపోయింది, వాహనంలో ఐదు గంటలు కూర్చున్నాం, విమానం వెళ్ళిపోయింది. మళ్ళీ టికెట్టు కొనడానికి అయిన ఖర్చు మొత్తం నడకకి అయినంత అయ్యింది.

కేదార్‌కంఠకి హైదరాబాదు నుంచి విమానంలో వెళ్తే ఇలా వేసుకోండి:

- 1వ రోజు: దెహ్రాదూన్ చేరడం, అక్కడే రాత్రి బస
- 2వ రోజు: ఉదయమే బయల్దేరి సాయంత్రానికి సాంక్రీ
- 3వ రోజు: జూడా కా తాలాబ్ (దారిలో వచ్చే చెరువు) దాకా నడక
- 4వ రోజు: పై క్యాంపు
- 5వ రోజు: తెల్లవారుజామున శిఖరం, తర్వాత కింది క్యాంపుకి దిగడం
- 6వ రోజు: సాంక్రీ
- 7వ రోజు: దెహ్రాదూన్
- 8వ రోజు: ఖాళీ రోజు
- 9వ రోజు: తిరుగు విమానం

ఆ 8వ రోజుని ఎవరు తీసేయమన్నా తీసేయొద్దు. వాతావరణం పాడైతే కొండ మీద వాడుకుంటారు, రోడ్డు మూసుకుపోతే కింద వాడుకుంటారు, ఏమీ జరగకపోతే దెహ్రాదూన్‌లో హాయిగా నిద్రపోతారు. హర్ కీ దూన్ అయితే ఇంకో రెండు రోజులు కలపండి.

దెహ్రాదూన్‌లో మొదటి రాత్రి ఎందుకు అంటే, సాంక్రీ వెళ్ళే బళ్ళన్నీ ఉదయం ఆరు, ఏడు గంటలకే కదిలిపోతాయి. మీ విమానం మధ్యాహ్నం దిగితే ఆ రోజు వెళ్ళే మార్గం లేదు. విమానాశ్రయం ఊరికి దగ్గర్లో కూడా లేదు, జాలీ గ్రాంట్‌లో ఉంది, ఊళ్ళోకి రావడానికే గంట దాకా పడుతుంది.

రైల్లో వెళ్ళేవాళ్ళు సికింద్రాబాదు నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖ, విజయవాడ వైపు నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్ పట్టుకుని ఢిల్లీ చేరి, అక్కడి నుంచి రాత్రి రైలు నందాదేవి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి దెహ్రాదూన్‌లో ఉంటారు. దిగిన వెంటనే సాంక్రీ బండి ఎక్కేద్దాం అని మాత్రం అనుకోకండి. రైలు గంట ఆలస్యమైతే బండి పోతుంది. ఒకవేళ దొరికినా, రెండు రాత్రులు రైల్లో సరిగ్గా పడుకోని ఒంటితో పది గంటల ఘాట్ రోడ్డు అంటే మర్నాడు నడకకి మనిషి మిగలడు.

3. ఒంటిని సిద్ధం చేయడం: కనీసం ఆరు వారాలు

మన దగ్గర చాలామందికి ఉన్న కొలత తిరుమల. "అలిపిరి మెట్లు ఎక్కేశాను, ఇది ఎంత" అంటారు. మంచి కొలతే, కానీ తేడాలున్నాయి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దారి పొడుగునా గట్టి నేల, నీళ్ళు, నీడ, టీ. ఇక్కడ నేల జారుతుంది, గాలి పలచగా ఉంటుంది, వీపున బరువు ఉంటుంది, పైగా అది మూడు రోజులు వరసగా చేయాలి. అలిపిరి ఎక్కిన మర్నాడు కాళ్ళు పట్టేసి మంచం దిగలేకపోతే మీరింకా సిద్ధంగా లేరని అర్థం.

నేను చేసేది ఇది:

- మొదటి రెండు వారాలు: రోజూ 45 నిమిషాలు చురుగ్గా నడక, వారంలో ఒక రోజు విశ్రాంతి.
- తర్వాతి రెండు వారాలు: వారానికి మూడు రోజులు మెట్లు. అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ వదిలేసి అరగంట ఎక్కుతూ దిగుతూ ఉండండి.
- చివరి రెండు వారాలు: అవే మెట్లు, వీపున ఐదారు కిలోల బ్యాగుతో. నీళ్ళ సీసాలు నింపుకుంటే చాలు.
- బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు అన్నీ ఆపేయండి.

దిగడం కూడా సాధన చేయాలి. మోకాళ్ళు దెబ్బతినేది దిగేటప్పుడే. మెట్లు దిగేటప్పుడు మోకాలు కొంచెం వంచి, అడుగు నెమ్మదిగా వేయడం అలవాటు చేసుకోండి.

బీపీ, ఆస్తమా, గుండె సమస్య ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరుతో మాట్లాడకుండా టికెట్లు కొనొద్దు. ట్రెక్ నడిపేవాళ్ళు చాలావరకు మెడికల్ సర్టిఫికెట్ అడుగుతారు, దాన్ని ఎలాగోలా సంతకం పెట్టించుకునే కాగితంగా చూడకండి. నిజంగా పరీక్ష చేయించుకోండి.

4. సామాను: కొనేవి, అద్దెకి తీసుకునేవి

ముందు ఒక నియమం పెట్టుకోండి: ఒంటికి తగిలేవి కొనండి, మిగిలినవి అద్దెకి తీసుకోండి. సాంక్రీలో షూ, జాకెట్, ట్రెక్కింగ్ కర్రలు, మైక్రోస్పైక్స్ (మంచులో జారకుండా షూకి తొడిగే ముళ్ళు), గైటర్స్ (షూలోకి మంచు పోకుండా కాలికి కట్టే తొడుగులు) అన్నీ అద్దెకి దొరుకుతాయి. షూ మాత్రం మీది మీరే కొనుక్కోండి. ఇంకొకరి కాలికి అలవాటైన షూ మీ మడమని కోసేస్తుంది.

షూ కొనేటప్పుడు సాయంత్రం పూట, మందం సాక్సు వేసుకుని వేసి చూడండి. బొటనవేలికీ షూ ముందు భాగానికీ మధ్య వేలెడు సందు ఉండాలి. లేకపోతే దిగేటప్పుడు గోళ్ళు నల్లబడిపోతాయి. కొన్నాక కనీసం మూడు వారాలు వాటితోనే నడవండి. మా గుంపులో ఒకమ్మాయి కొత్త షూ డబ్బా సాంక్రీలోనే విప్పింది. మొదటి రోజు సాయంత్రానికి రెండు మడమలూ బొబ్బలు, పాపం శిఖరం చూడకుండానే దిగిపోయింది.

బట్టల విషయంలో మన ప్రాంతం వాళ్ళు చేసే తప్పు, ఒక పెద్ద లావుపాటి జాకెట్ కొనేసి లోపల కాటన్ టీషర్ట్ వేసుకోవడం. కాటన్ చెమటని పీల్చి తడిగా ఉండిపోతుంది, ఆగిన మరుక్షణం ఒళ్ళు గడ్డకట్టినట్టు ఉంటుంది. పొరలు పొరలుగా వేసుకోండి:

- లోపల: త్వరగా ఆరిపోయే పాలిస్టర్ టీషర్టులు రెండు మూడు, థర్మల్స్ ఒక జత. థర్మల్స్ పడుకునేటప్పటికీ, శిఖరం రోజుకీ దాచుకోండి.
- మధ్యలో: ఫ్లీస్ లేదా ఉన్ని స్వెట్టరు
- పైన: డౌన్ జాకెట్ (లోపల మెత్తటి ఈకలు నింపినది), దాని మీద గాలీ వానా ఆపే పలచటి జాకెట్
- కాళ్ళకి: ట్రెక్ ప్యాంట్లు రెండు. జీన్స్ వద్దే వద్దు.
- సాక్సులు: మామూలువి మూడు జతలు, ఉన్నివి రెండు జతలు. ఒక జత పడుకోవడానికి మాత్రమే, పగలు ముట్టుకోకండి.
- తలకి మంకీ క్యాప్, మెడకి గుడ్డ, గ్లౌజులు రెండు జతలు. లోపల పలచటివి, పైన నీళ్ళు దిగనివి.

మిగిలినవి:

- నల్ల కళ్ళజోడు. మంచు మీద ఎండ తిరగబడి కొడితే కళ్ళు మండి, నీళ్ళు కారి, కొన్ని గంటలు చూడలేని స్థితి వస్తుంది. అలంకారానికి కాదు, తప్పనిసరి.
- తలకి కట్టుకునే టార్చి, అదనపు బ్యాటరీలు
- ఒక లీటరు సీసాలు రెండు. ఒకటి వేడినీళ్ళు పట్టే స్టీలుదైతే మంచిది.
- సన్‌స్క్రీన్, పెదాలకి రాసుకునేది
- మీ మామూలు మందులు, జ్వరం మాత్రలు, ఓఆర్‌ఎస్, కట్టు గుడ్డ, బొబ్బలకి అతికించే ప్లాస్టరు
- ఆధార్ జిరాక్స్ కాపీలు రెండు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు రెండు
- చెత్త వేసుకోవడానికి జిప్ కవర్లు
- ఆడవాళ్ళు ప్యాడ్లు తప్పకుండా తీసుకెళ్ళండి, తేదీ కాకపోయినా. ఎత్తులో, చలిలో తేదీలు మారొచ్చు.

తిండి సంగతి. హోమ్‌స్టేల్లో రొట్టె, పప్పు, అన్నం, రాజ్మా, కూర పెడతారు, వేడిగా, కడుపు నిండా. కారం తక్కువ. మూడో రోజుకి నోరు చప్పబడిపోతుంది కాబట్టి చిన్న డబ్బాలో ఆవకాయో కారప్పొడో పట్టుకెళ్ళండి, డబ్బా మూత గట్టిగా ఉండాలి, దాన్ని ఇంకో కవర్లో కట్టాలి, లేకపోతే నూనె బట్టలకి ఎక్కుతుంది. నడిచేటప్పుడు జేబులో పల్లీ పట్టీ, ఖర్జూరం. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, అయినా గంటకోసారి ఏదో ఒకటి నమలాలి.

5. బుకింగు, గైడు, అడవి అనుమతి

కేదార్‌కంఠ, హర్ కీ దూన్ రెండూ గోవింద్ పశు విహార్ రక్షిత ప్రాంతంలో ఉన్నాయి. సాంక్రీకి ముందు నైట్వార్‌లో అటవీశాఖ చెక్‌పోస్టు ఉంటుంది, అక్కడ పేర్లు రాసి రుసుము కడితేనే ముందుకి పంపుతారు. కంపెనీతో వెళ్తే వాళ్ళే చూసుకుంటారు. విడిగా వెళ్తే ముందే హోమ్‌స్టేవాళ్ళకి ఫోన్ చేసి ఏ కాగితాలు కావాలో అడిగి సిద్ధం చేసుకోండి.

స్థానిక గైడు లేకుండా చలికాలంలో వెళ్ళొద్దు. మంచు పడ్డాక దారి కనిపించదు. చెట్ల మధ్య అన్ని వైపులా ఒకేలా ఉంటుంది, ముందువాళ్ళ అడుగు జాడలు కూడా తప్పుదారి పట్టిస్తాయి.

డబ్బు కట్టే ముందు వీటికి జవాబులు రాతపూర్వకంగా తీసుకోండి:

- దెహ్రాదూన్ నుంచి రానుపోను బండి ధరలో ఉందా?
- గుంపులో గరిష్ఠంగా ఎంతమంది? ఎంతమందికి ఒక గైడు?
- మైక్రోస్పైక్స్, గైటర్స్ ఇస్తారా, అద్దె కట్టాలా?
- ఆక్సిజన్ సిలిండరు, పల్స్ ఆక్సీమీటరు ఎవరి దగ్గర ఉంటాయి?
- బ్యాగు మోయించుకుంటే రోజుకి ఎంత?
- వాతావరణం వల్ల రద్దయితే డబ్బు సంగతేంటి?

చవకగా వస్తుందని చూసినవాళ్ళకి ఒకటే చెప్తాను. ధర మరీ తక్కువగా ఉంటే ఎక్కడో కోత పడుతుంది. అది గైడు జీతంలోనో, స్లీపింగ్ బ్యాగు మందంలోనో, గుడారంలో పడుకోబెట్టే మనుషుల సంఖ్యలోనో ఉంటుంది.

6. దెహ్రాదూన్ నుంచి సాంక్రీ దాకా

దూరం దాదాపు 200 కి.మీ., కానీ ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. ముస్సోరీ, నైన్‌బాగ్, నౌగావ్, పురోలా, మోరీ, నైట్వార్, తర్వాత సాంక్రీ. మూడు మార్గాలున్నాయి: బస్సు, షేరింగ్ జీపు, సొంతంగా మాట్లాడుకున్న ట్యాక్సీ.

బస్సు దెహ్రాదూన్ రైల్వేస్టేషన్ పక్కన ఉన్న కొండ బస్సుల స్టాండు నుంచి పొద్దున్నే బయల్దేరుతుంది. ముందు రోజు సాయంత్రమే వెళ్ళి మర్నాటి వేళ అడిగి రండి. ఫోన్లో చూసిన టైముని నమ్ముకోవద్దు. సాంక్రీ బస్సు తప్పితే పురోలా బస్సు ఎక్కి, అక్కడి నుంచి జీపు చూసుకోవచ్చు.

ఘాట్ రోడ్డులో వాంతులు అయ్యేవాళ్ళు ముందు సీటు అడగండి. బయల్దేరే ముందు రెండు ఇడ్లీలంత తిండి చాలు, పరోఠాలు, నూనె వద్దు. మాత్ర వేసుకునే అలవాటుంటే గంట ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేసి ఉపయోగం లేదు. ఫోన్ చూడకండి, దూరంగా కొండల్ని చూడండి.

పురోలా దగ్గర తప్పకుండా ఆగండి. చివరిసారి నమ్మకంగా ఏటీఎం, మందుల షాపు, పెట్రోలు దొరికేది ఇక్కడే. సాంక్రీలో యూపీఐ కొన్ని చోట్ల పనిచేస్తుంది, సిగ్నల్ లేనప్పుడు పనిచేయదు, అంతే. మనిషికి ఐదారు వేలైనా చేతిలో ఉంచుకోండి, అందులో వందలు, రెండువందలు ఎక్కువగా.

పురోలాలో చేయాల్సినవి:

- డబ్బు తీయడం
- ఇంటికి ఫోన్ చేసి "రేపట్నుంచి నాలుగు రోజులు ఫోన్ కలవదు, ఫలానా రోజు సాయంత్రం నేనే చేస్తా" అని చెప్పడం
- హోమ్‌స్టే నంబరు, గైడు నంబరు ఇంట్లో ఒకరికి పంపడం
- మ్యాప్ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకోవడం

ఈ రెండోది మర్చిపోతే ఇంట్లోవాళ్ళు నాలుగు రోజులు టెన్షన్‌తో చస్తారు.

హిందీ అంతగా రానివాళ్ళకి నాలుగు మాటలు. "రాస్తా ఖులా హై క్యా?" అంటే దారి తెరిచి ఉందా అని. "గాడీ కిత్నే బజే నిక్లేగీ?" బండి ఎన్నింటికి బయల్దేరుతుంది. "గరమ్ పానీ మిలేగా?" వేడినీళ్ళు దొరుకుతాయా. "సర్ మే దర్ద్ హై, ఉల్టీ జైసా లగ్ రహా హై." తలనొప్పిగా ఉంది, వాంతి వచ్చేలా ఉంది. ఈ చివరిది బాగా గుర్తుపెట్టుకోండి.

7. ఊళ్ళో మొదటి సాయంత్రం

చేరేసరికి చీకటి పడుతూ ఉంటుంది, ఒళ్ళు అలిసిపోయి ఉంటుంది, వెంటనే రజాయి కింద దూరాలనిపిస్తుంది. గంట ఓర్చుకోండి.

ముందు అద్దె సామాను తీసుకోండి, పొద్దున్న అయితే అందరూ ఒకేసారి ఎగబడతారు. మైక్రోస్పైక్స్ మీ షూకి అక్కడే తొడిగి చూడండి. రబ్బరు వదులుగా ఉందా, గొలుసు తెగిందా, ముళ్ళు అరిగిపోయాయా చూసుకోండి. జాకెట్ జిప్పు పైదాకా లాగండి. అన్నిటినీ దుకాణం దగ్గరే ఒక ఫొటో తీసుకోండి, తిరిగి ఇచ్చేటప్పుడు గొడవ రాదు.

తర్వాత బ్యాగుని రెండుగా విడగొట్టండి. కొండ మీదికి అవసరం లేనివి హోమ్‌స్టేలోనే తాళం వేసి వదిలేయండి. ఉతికిన బట్టలు ఒక జత తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి.

స్నానానికి బకెట్ వేడినీళ్ళు అడిగితే ఇస్తారు, దానికి డబ్బు తీసుకుంటారు, కట్టెలు ఊరికే రావు కదా. చీకటి పడ్డాక తల తడపకండి.

ఇది మాత్రం చాలా గట్టిగా చెప్తున్నాను: గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు మూసుకుని పడుకోకండి. మూసిన గదిలో బొగ్గు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. బాత్రూంలో గ్యాస్ గీజరు ఉంటే కిటికీ తెరిచి ఉంచండి. కుంపటి దగ్గర కూర్చుని వెచ్చబడండి, పడుకునే ముందు బయటపెట్టించండి. ఇక్కడి ఇళ్ళు చాలావరకు దేవదారు కర్రతో కట్టినవి కాబట్టి సిగరెట్టు, కొవ్వొత్తి విషయంలో కూడా అంతే జాగ్రత్త.

8. కొండ మీద నాలుగు రోజులు

మొదటి రోజు జూడా కా తాలాబ్ దాకా సుమారు 4 కి.మీ. దూరం చూసి తొందరపడకండి, అంతా ఎక్కుడే. పక్కవాళ్ళతో ఆగకుండా మాట్లాడగలిగే వేగంలో నడవండి. మాట్లాడుతుంటే ఆయాసం అడ్డొస్తే మీరు ఎక్కువ వేగంగా వెళ్తున్నారు. చిన్న చిన్న అడుగులు, ఎక్కువసేపు ఆగకుండా. బండ మీద పదిహేను నిమిషాలు కూర్చుంటే ఒళ్ళు చల్లబడి మళ్ళీ లేవబుద్ధి కాదు, రెండు మూడు నిమిషాలు నిలబడి నీళ్ళు తాగి కదలండి.

చెమట పట్టకముందే ఒక పొర తీసేయండి. ఆగిన వెంటనే మళ్ళీ వేసుకోండి. విసుగ్గా ఉంటుంది, రోజుకి పదిసార్లు చేయాలి, కానీ చలిని గెలిచేది ఇదొక్కటే.

క్యాంపు చేరగానే తడి సాక్సులు, తడి టీషర్టు మార్చండి. తర్వాతే టీ. పడుకునేటప్పుడు స్టీలు సీసాలో వేడినీళ్ళు పోయించి, సాక్సులో పెట్టి, స్లీపింగ్ బ్యాగులో కాళ్ళ దగ్గర పెట్టుకోండి. పొద్దున్నకి అవే తాగే నీళ్ళు. ఫోన్, పవర్ బ్యాంకు, టార్చి బ్యాటరీలు కూడా స్లీపింగ్ బ్యాగులోనే, చలికి చార్జింగ్ గంటల్లో ఖాళీ అయిపోతుంది. రాత్రి బయట ఉంచే సీసా ఉంటే తలకిందులుగా పెట్టండి. గడ్డ పైన కడుతుంది, మూత దగ్గర నీళ్ళు మిగులుతాయి.

శిఖరం రోజు రెండు, మూడు గంటలకి లేపుతారు. ముందు రాత్రే సిద్ధం చేసుకోవాల్సినవి:

- వేసుకునే బట్టలన్నీ తల దగ్గర
- గైటర్స్, స్పైక్స్ బయటికి తీసి
- టార్చి వెలిగించి చూసి
- చిన్న బ్యాగులో నీళ్ళు, తిండి, కళ్ళజోడు, అదనపు గ్లౌజులు

బయల్దేరేటప్పుడు కొంచెం చలి వేస్తూ ఉండాలి. అన్నీ తొడుక్కుని వెచ్చగా బయల్దేరితే ఇరవై నిమిషాల్లో చెమటలు పట్టి చీకట్లో బట్టలు విప్పుకోవాల్సి వస్తుంది. ఎక్కడానికి మూడు నాలుగు గంటలు. పైన గాలి గట్టిగా కొడుతుంది, ఫొటోల కోసం గ్లౌజులు తీస్తే నిమిషంలో వేళ్ళు మొద్దుబారతాయి, పలచటి గ్లౌజులు లోపల ఉంచుకోమన్నది అందుకే.

గైడు వెనక్కి వెళ్దాం అంటే వెళ్ళిపోవడమే. నా రెండోసారి అదే జరిగింది. శిఖరం కనిపిస్తూనే ఉంది, మబ్బు కమ్ముకొచ్చింది, ఆయన తిప్పేశాడు. మాలో ఇద్దరు గొడవపడ్డారు. గంట తర్వాత క్యాంపులో కూర్చుని బయటికి చూస్తే పది అడుగుల దూరంలో గుడారం కనిపించలేదు.

దిగేటప్పుడు ఎండకి మంచు మెత్తబడి జారుతుంది. మడమ ముందు దింపండి, కర్ర ముందుకి వేసి అడుగు తర్వాత. కూర్చుని జారుతూ వెళ్ళేవాళ్ళని చూసి మీరూ జారకండి, మంచు కింద రాళ్ళుంటాయి. సరదాగా ఉంటుందంటే గైడు చూపించిన చోట, స్పైక్స్ తీసేసి మాత్రమే.

9. ఎత్తు పడకపోతే

గాలి పలచబడి ఒంటికి ఎత్తు పడకపోవడం 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా రావచ్చు, వయసుకీ కండలకీ సంబంధం లేదు. లక్షణాలు: తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, కళ్ళు తిరగడం, నిద్ర పట్టకపోవడం. తలనొప్పితో పాటు ఇంకొకటి ఉందంటే ఎత్తు వల్లే అనుకుని నడుచుకోండి.

చేయాల్సింది:

1. వెంటనే గైడుకి చెప్పండి. దాచడం వల్లే ప్రాణం మీదికి వస్తుంది.
2. ఆ రోజు ఇంక పైకి ఎక్కొద్దు. నీళ్ళు తాగి, తేలికగా తిని విశ్రాంతి.
3. తగ్గకపోతే కిందికి దిగండి. రాత్రైనా సరే.
4. తూలుతూ నడవడం, మాట తడబడటం, కూర్చున్నా ఆయాసం, దగ్గులో నురగ ఉంటే అది అత్యవసరం. ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా మనిషిని పట్టుకుని దించాలి.

ఎత్తు పడకపోవడానికి వాడే మాత్ర డయామాక్స్ గురించి అందరూ అడుగుతారు. అది డాక్టరు చెప్తేనే వేసుకోవాలి, సల్ఫా మందులు పడనివాళ్ళకి ప్రమాదం. ఆ మాత్ర వేసుకున్నాం కదా అని లక్షణాలు ఉన్నా ఎక్కడం ఇంకా ప్రమాదం. మద్యం కొండ దిగేదాకా వద్దు.

సాంక్రీలో పెద్ద ఆసుపత్రి లేదు. మోరీ, పురోలా దాకా దిగాలి. 108, 112 నంబర్లు సిగ్నల్ ఉన్నచోటే పనికొస్తాయి.

10. ఊరివాళ్ళతో

పెద్దవాళ్ళని "భాయ్‌జీ", ఆడవాళ్ళని "దీదీ" అనండి, ముందు నమస్తే చెప్పండి. మనుషుల్ని, ముఖ్యంగా పిల్లల్ని, అడగకుండా ఫొటోలు తీయకండి. హర్ కీ దూన్ దారిలో ఓస్లా లాంటి ఊళ్ళలో గుడి గడప, ఇంటి వంటగది దగ్గర అడిగే లోపలికి వెళ్ళండి, వాళ్ళ పద్ధతులు వాళ్ళకున్నాయి. పిల్లలకి చాక్లెట్లు పంచొద్దు.

చెత్త మొత్తం వెనక్కి తేవాలి: తడి టిష్యూలు, ప్యాడ్లు, బిస్కెట్ కవర్లు అన్నీ. జిప్ కవర్లు అందుకే చెప్పాను. మంచులో పాతేస్తే ఏప్రిల్‌లో అదంతా పైకి తేలుతుంది, నేను మేలో వెళ్ళినప్పుడు కళ్ళారా చూశాను. ఊరివాళ్ళు తాగే నీళ్ళు ఆ కొండ మీద నుంచే వస్తాయి.

11. తరచూ జరిగే తప్పులు, అక్కడికక్కడ సర్దుబాటు

మడమ దగ్గర మంట మొదలైంది: బొబ్బ కాకముందే ఆగి ప్లాస్టరు వేయండి. క్యాంపు చేరాక చూద్దాం అనుకుంటే ఆలస్యం అయిపోతుంది.

షూలోకి మంచు వెళ్ళింది: సాక్సు మార్చి, కాలికి ప్లాస్టిక్ కవరు తొడిగి, మళ్ళీ షూ వేయండి. క్యాంపు దాకా గడుస్తుంది.

షూ అట్ట ఊడిపోయింది: పాత షూలకి చలిలో ఇది తరచూ జరుగుతుంది. గట్టి టేపు కొంచెం కర్రకి చుట్టి ఉంచుకోండి.

వేళ్ళు మొద్దుబారాయి: చంకల్లో పెట్టుకుని వెచ్చబెట్టండి. మంట దగ్గర పెట్టొద్దు, స్పర్శ లేనప్పుడు కాలినా తెలీదు. రుద్దొద్దు కూడా.

మోకాలు నొప్పి: రెండు కర్రలూ వాడండి, బ్యాగు మోసే మనిషిని మాట్లాడుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు.

12. తిరుగు ప్రయాణం

సాంక్రీ చేరగానే సామాను ఆరబెట్టి, అద్దెవి తిరిగి ఇచ్చేసి, మర్నాటి బండి ఖాయం చేసుకోండి, ఆ తర్వాత పడుకోండి. బండి ఉదయమే. ఆలస్యంగా బయల్దేరితే రాత్రి ఘాట్ రోడ్డు మీద ఉండాలి, అది వద్దు.

గైడుకి, మోసినవాళ్ళకి, వంట చేసినవాళ్ళకి మీరు ఇవ్వాలనుకున్నది విడివిడిగా, ఎవరి చేతికి వాళ్ళకి ఇవ్వండి.

బండి ఎక్కే ముందు చూసుకోండి: ఆధార్, చార్జరు, హోమ్‌స్టేలో దాచిన బ్యాగు, ఆరబెట్టిన సాక్సులు, చెత్త కవరు. చెత్త కవరు దెహ్రాదూన్ దాకా తెచ్చి అక్కడి డబ్బాలో వేయండి. పురోలాలో సిగ్నల్ రాగానే ఇంటికి ఫోన్ చేయండి, చెప్పిన రోజుకి వాళ్ళు ఎదురుచూస్తూ ఉంటారు.